బెంగళూరు బాల్కనీలో నిలువు తోట: మొక్కలు ఆఖరున కొనండి

ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఇదే. బాల్కనీ వెడల్పు నాలుగడుగులు, అందులో వాషింగ్ మెషిన్, బట్టల స్టాండ్ పోగా మనిషి నిలబడే చోటు మాత్రమే మిగిలింది, గోడ మీద మొక్కలు పెట్టుకోవాలంటే ఎలా? ఇంకొందరు ఎండిపోయిన కుండీల ఫొటోలు పంపి "మూడు వారాలకే పోయాయండీ, ఏ మొక్కలు మార్చాలి" అంటారు.

ఆ ఫొటోలు చూస్తే చాలాసార్లు మొక్కల ఎంపికలో తప్పు కనిపించదు. పని చేసిన వరుసలోనే తేడా ఉంటుంది. నర్సరీకి వెళ్ళి నచ్చిన మొక్కలు తెచ్చేసి, తర్వాత కుండీలు కొని, చివరికి వాటిని ఎక్కడ తగిలించాలా అని గోడ వైపు చూస్తారు. దీన్ని తిరగేయాలి. ముందు ఎండ, తర్వాత గోడ, తర్వాత నీళ్ళు, తర్వాత మట్టి, అప్పుడు మొక్క. మార్తహళ్ళిలో ఉన్నా, కేఆర్ పురంలో ఉన్నా ఈ వరుస మారదు.

లెక్కలన్నీ ఒకే నమూనా మీద చెబుతాను: 3 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు ఉన్న ఇనుప మెష్. దాని మీద 4 వరుసలు, వరుసకు 5 చొప్పున 20 కుండీలు, ఒక్కోటి 6 అంగుళాలది. మీ గోడ చిన్నదైతే సగం చేసుకోండి. మొదటిసారి ఇంతకన్నా పెద్దది మాత్రం వద్దు.

1. ఒక ఆదివారం ఎండను లెక్కపెట్టండి

సెలవు రోజున పొద్దున 8, 10, 12, 2, 4 గంటలకు బాల్కనీలోకి వెళ్ళండి. తోట పెట్టాలనుకున్న గోడ మీద ఎండ ఎక్కడిదాకా పడుతోందో చాక్‌పీసుతో గీత గీసి, పక్కన టైమ్ రాయండి. సాయంత్రానికి ఏ ఎత్తులో ఎన్ని గంటల ఎండ పడుతుందో గోడే చెబుతుంది.

ఇందులో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీకి పైన ఇంకో ఇంటి స్లాబు ఉంటుంది కాబట్టి నడినెత్తి ఎండ మన దాకా రాదు, పక్క నుంచి వాలుగా వచ్చేదే మన ఎండ. అందువల్ల వెనక గోడ మీద పై వరుసకు ఎండ తక్కువ, మధ్య వరుసలకు ఎక్కువ. ముందు గ్రిల్ కాకుండా సిమెంటు పిట్టగోడ ఉంటే అట్టడుగు వరుస కూడా నీడలోనే ఉంటుంది. పైన ఎండ, కింద నీడ అనుకుని మొక్కలు సర్దితే తలకిందులవుతుంది.

ఇంకోటి, ఎండ ఏడాది పొడుగునా ఒకలా ఉండదు. బెంగళూరు సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు కొంచెం ఉత్తరంగా ఉంటాడు, మిగతా నెలల్లో దక్షిణంగా ఉంటాడు. అందుకే నార్త్ ఫేసింగ్ బాల్కనీలోకి మే, జూన్ నెలల్లో ఉదయం సాయంత్రం ఎండ తొంగిచూస్తుంది, డిసెంబరులో అస్సలు రాదు. సౌత్ ఫేసింగ్‌లో సరిగ్గా దీనికి వ్యతిరేకం, జనవరిలో ఎండ గోడ దాకా లోపలికి వస్తుంది, జూన్‌లో వెలుతురు తప్ప ఎండ ఉండదు. ఈస్ట్ ఫేసింగ్ ఉన్నవాళ్ళది అదృష్టం, మెత్తని పొద్దుటెండ దొరుకుతుంది. వెస్ట్ వాళ్ళు మార్చి, ఏప్రిల్ నెలల్లో మధ్యాహ్నం 2 తర్వాత పచ్చ షేడ్ నెట్ దించుకోక తప్పదు.

చివర్లో ఇలా తేల్చుకోండి:

- నేరుగా పడే ఎండ 2 గంటల కన్నా తక్కువైతే ఆకుల అందం కోసం పెంచే మొక్కలు, తమలపాకు.
- 3 నుంచి 5 గంటలైతే పుదీనా, కొత్తిమీర, మెంతి, పాలకూర, తోటకూర, బచ్చలి.
- 6 గంటలు దాటితే పచ్చిమిర్చి, చెర్రీ టమాటా, గోంగూర, నాచు పూలు.

రెండు గంటల ఎండలో టమాటా కాయాలని కోరుకునేవాళ్ళకు ఏ ఎరువూ సాయం చేయలేదు.

2. గోడ ఏమిటి, బరువెంత, ఇల్లెవరిది

కొబ్బరి పొట్టు కలిపిన తేలిక మిశ్రమమైతే 6 అంగుళాల కుండీలో లీటరున్నర దాకా పడుతుంది. తడిపాక, మొక్కతో కలిపి కుండీ సుమారు 2 కిలోలు. 20 కుండీలు 40 కిలోలు, మెష్, ఫ్రేమ్ కలిపితే దాదాపు 50. అదే ఉత్త తోట మట్టి నింపితే తడిసినప్పుడు కుండీల బరువే 60 కిలోలు దాటిపోతుంది. అంత బరువు మీద జూన్, జూలై గాలి కూడా తోడవుతుంది, అదీ పదో అంతస్తులో. కాబట్టి గోడను ముందే తెలుసుకోవాలి.

డ్రిల్లు పెడితే రాలే పొడి చూడండి. ఎర్రగా వస్తే ఇటుక. బూడిద రంగులో, గట్టిగా దిగితే కాంక్రీటు లేదా సిమెంటు బ్లాకు. వీటికి 8 ఎం.ఎం. యాంకర్ బోల్టులు ఆరు వేస్తే చాలు, పైన రెండు, మధ్యలో రెండు, కింద రెండు. తెల్లటి మెత్తని పొడి రాలుతూ డ్రిల్లు సులువుగా లోపలికి పోతే అది ఏఏసీ బ్లాకు, అంటే లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు బ్లాకు, కొత్త అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా ఇదే. దానికి మామూలు ప్లగ్గులు పట్టవు, కొన్నాళ్ళకు ఊడొస్తాయి. ఏఏసీ కోసమే అమ్మే పొడవాటి ప్లగ్గులు వాడండి, లేదా గోడను వదిలేసి కింద నిలబడే స్టాండ్ పెట్టుకోండి. ప్లాస్టరింగ్ మందాన్ని లెక్కలోకి తీసుకోకుండా చిన్న స్క్రూలు కొట్టినవాళ్ళకూ ఇదే గతి.

స్విచ్ బోర్డుకు నిటారుగా పైనా కిందా, కుళాయికి నిటారుగా పైనా కిందా ఎప్పుడూ డ్రిల్లు పెట్టకండి. లోపల వైర్లు, పైపులు వెళ్తుంటాయి.

అద్దె ఇల్లయితే గోడ జోలికి పోకండి. నేను ఇంతకుముందున్న ఇంట్లో కుండీలు గోడకు ఆనించి పెట్టాను, ఏడాదికి గోడంతా నెమ్మెక్కి నల్లబడింది, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లోంచి ఓనర్ ఆ డబ్బు పట్టుకున్నారు. అప్పటినుంచి అద్దెకున్నవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే, రంధ్రాలున్న ఇనుప యాంగిల్స్‌తో చేసే స్టాండ్ కొనుక్కోండి. షాపుల్లో సామాన్లు పెట్టుకునే ర్యాక్ ఉంటుందే, అదే. పలకలు తీసేసి మెష్ బిగిస్తే సరిపోతుంది. పైభాగాన్ని గ్రిల్‌కు రెండు చోట్ల కేబుల్ టైలతో కాకుండా ఇనుప తీగతో కట్టండి, టైలు ఎండకు పెళుసెక్కి తెగిపోతాయి.

అసోసియేషన్‌ను కూడా ఒకమాట అడగండి. రైలింగ్ బయట వైపు కుండీలు వేలాడదీయడం చాలాచోట్ల ఒప్పుకోరు, ఒప్పుకున్నా వేయకండి. కింద పిల్లలు ఆడుకుంటుంటారు.

3. ఏ రకం అమరిక తీసుకోవాలి

మార్కెట్లో దొరికేవన్నీ పనికొస్తాయి, అన్ని ఇళ్ళకూ పనికిరావు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను.

జీఐ (జింకు పూత ఉన్న ఇనుము) వెల్డ్ మెష్, 2 అంగుళాల గళ్ళది, చుట్టూ యాంగిల్ ఫ్రేముతో: నా ఓటు దీనికే. మీ వీధి చివర వెల్డింగ్ షాపులో కొలతలిస్తే చేసిస్తారు, రంగు వేయించుకోండి. కుండీని ఒక్కొక్కటిగా తీసి మార్చుకోవచ్చు. ఒక మొక్కకు తెగులొస్తే అదొక్కటే దించేస్తారు, అది చాలా పెద్ద సౌకర్యం.

ఆఫీసు లాబీల్లో కనిపించే ప్లాస్టిక్ ప్యానెళ్ళు: చూడ్డానికి నిండుగా ఉంటాయి. కానీ వాటి కుండీలు బాగా చిన్నవి, ఆకుకూర వేళ్ళకు చోటు చాలదు. నీడ గోడకు, అలంకారానికి సరే.

గుడ్డ సంచుల్లాంటి జేబులు: రెండో అంతస్తు పైన వద్దు, గాలికి మధ్యాహ్నానికల్లా ఆరిపోతాయి. గోడనూ తడుపుతాయి.

నాలుగంగుళాల పీవీసీ పైపుకు రంధ్రాలు కోసి చేసేది వీడియోల్లో బాగుంటుంది. ఎండకు పైపు కాగి వేళ్ళు ఉడుకుతాయి, నీళ్ళు ఒక చివర నిలుస్తాయి. మొదటి తోటకు వద్దు. కూల్ డ్రింక్ సీసాలు కూడా అంతే, వెలుతురు లోపలికి పోయి పాచి పడుతుంది.

తీగల కోసం మెష్ కూడా అక్కర్లేదు. అడుగున 12 అంగుళాల కుండీ ఒకటి, పైనుంచి కొబ్బరి తాళ్ళు నాలుగు. బచ్చలి అయితే రెండు నెలల్లో పైకి పాకుతుంది. చోటు బొత్తిగా లేనివాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే.

4. గోడ తడవకుండా, కింది ఇంటికి కారకుండా

మెష్‌కూ గోడకూ మధ్య కనీసం 2 అంగుళాల ఖాళీ ఉండాలి. బోల్టులకు చిన్న పైపు ముక్కలు తొడిగితే ఆ ఖాళీ వస్తుంది. గోడకు ముందే వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరాక మెష్ బిగించండి. ప్లాస్టిక్ షీటు గోడకు అతికించేస్తే చాలదా అంటారు. చాలదు, దాని వెనక చెమ్మ చేరి ఇంకా పాడవుతుంది.

అట్టడుగు వరుస కింద నీళ్ళు పట్టే కాలువ తప్పనిసరి. 4 అంగుళాల పీవీసీ పైపును నిలువునా చీలిస్తే సగం కాలువ అవుతుంది. మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున బాల్కనీ నీళ్ళు బయటికి పోయే జాలీ వైపు వాలు ఇచ్చి, చివర బకెట్ పెట్టండి. ఆ నీళ్ళు మర్నాడు మళ్ళీ మొక్కలకే. కింది ఇంటివాళ్ళు ఆరేసిన తెల్ల చొక్కాల మీద ఎర్రమట్టి నీళ్ళు కారితే మీ తోట ఆయుష్షు అక్కడితో తీరినట్టే, కాబట్టి కుండీలు తగిలించక ముందే ఒక బకెట్ నీళ్ళు పోసి ఎటు పోతున్నాయో చూసుకోండి.

పావురాల వల ఉండకపోతే ముందు అది వేయించండి. మొలకలు రాగానే కుండీ మొత్తం తవ్వి పోస్తాయి, తర్వాత వల వేయాలంటే మెష్ అడ్డమొస్తుంది.

5. నీళ్ళు: తోట బతికేదీ చచ్చేదీ ఇక్కడే

నేల మీద కుండీకి, గోడ మీద కుండీకి తేడా ఒకటే. గోడ మీద నీళ్ళు కిందికి ప్రయాణం చేస్తాయి. పై వరుస ముందు ఆరిపోతుంది, పైనుంచి కారినదంతా తాగి కింది వరుస కుళ్ళుతుంది. అన్నిటికీ సమానంగా పోయడం అనేది ఇక్కడ న్యాయం కాదు.

మొదటి రెండు వారాలు చెంబుతోనే పోయండి, డ్రిప్ తొందర వద్దు. ఏ కుండీ ఎంత తాగుతుందో చేతికి తెలియాలి. వేలు అంగుళం లోపలికి గుచ్చి, పొడిగా తగిలితేనే పోయాలి. వేసవిలో కుండీకి రోజుకు 150 నుంచి 200 మిల్లీలీటర్లు, అంటే మొత్తం 20 కుండీలకు 3 నుంచి 4 లీటర్లు. వానాకాలంలో రెండు రోజులకోసారి, ఒక్కోసారి అదీ వద్దు.

ఆ 4 లీటర్లు ఎక్కడివి అన్నది కూడా బెంగళూరులో ఆలోచించాల్సిందే. 2024 మార్చిలో నీటి కొరత వచ్చినప్పుడు ఇక్కడి జలమండలి తాగే నీళ్ళను తోటలకు, కార్లు కడగడానికి వాడొద్దని, వాడితే 5,000 రూపాయల జరిమానా అని ఉత్తర్వు ఇచ్చింది. మన తోట ఆ నీళ్ళ మీద ఆధారపడకుండా ఉంటే ఏ వేసవికీ టెన్షన్ ఉండదు. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు పడితే చాలు, 4 లీటర్లు మామూలు వంటింట్లోనే వచ్చేస్తాయి. ఉప్పు వేసినవి మాత్రం పోయకండి. ఏసీ నుంచి కారే నీళ్ళు చాలా మంచివి, వాటిలో లవణాలు దాదాపు ఉండవు. ఆర్‌ఓ ఫిల్టర్ వదిలేసే నీళ్ళలో లవణాలు ఎక్కువ, అవే రోజూ పోస్తే ఆకుల అంచులు మాడతాయి. ఒక వంతుకు రెండు వంతుల మంచి నీళ్ళు కలిపి, అదీ వారానికి రెండుసార్లకు మించకుండా వాడండి.

చేతికి అలవాటయ్యాక డ్రిప్ వేసుకోవాలంటే ఇలా:

- కుళాయి దగ్గర చిన్న ఫిల్టరు, తర్వాత టైమరు.
- నిలువుగా ఒక 16 ఎం.ఎం. పైపు, అక్కడినుంచి ప్రతి వరుసకూ ఒక సన్న పైపు.
- ప్రతి వరుస మొదట్లో ఒక చిన్న వాల్వు. దీన్ని వదిలేయకండి.
- పై రెండు వరుసలకు గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు, కింది రెండింటికి గంటకు 2 లీటర్లవి.

గంటకు 2 లీటర్ల డ్రిప్పరు 5 నిమిషాల్లో సుమారు 165 మిల్లీలీటర్లు ఇస్తుంది. ఒకేసారి 5 నిమిషాలకన్నా పొద్దున 3, సాయంత్రం 2 నిమిషాలు పెడితే కిందికి కారిపోవడం తగ్గుతుంది. వాల్వులు ఎందుకన్నానంటే, టైమరు ఆగాక పైపులో మిగిలిన నీళ్ళన్నీ అట్టడుగు వరుసకే దిగుతాయి. ఆ వరుస వాల్వు సగం మూసి పెట్టాలి.

టాప్ ఫ్లోర్ వాళ్ళకు ఒక మాట. ట్యాంకు మీ నెత్తి మీదే ఉంటుంది కాబట్టి ప్రెషర్ చాలా తక్కువ. 10 మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు దిగితే ఒక బార్ ప్రెషర్ వస్తుంది, మీకు వచ్చేది అందులో మూడో వంతో నాలుగో వంతో. ప్రెషర్ కాంపెన్సేటింగ్ అని రాసి ఉన్న డ్రిప్పర్లు ఆ ప్రెషర్‌కు సరిగా పనిచేయవు, తిప్పుకునే మామూలు డ్రిప్పర్లు తీసుకోండి.

బోరు నీళ్ళయితే డ్రిప్పర్ల మూతికి తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. నెలకోసారి తీసి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి, పొద్దునకు శుభ్రమవుతాయి.

6. మట్టి కలపడం

20 కుండీలకు 30 లీటర్ల మిశ్రమం కావాలి. బకెట్ కొలత పెట్టుకోండి.

- కొబ్బరి పొట్టు 12 లీటర్లు
- వర్మీ కంపోస్ట్ 9 లీటర్లు
- ఎర్రమట్టి 6 లీటర్లు
- పెర్లైట్ లేదా వరి ఊక 3 లీటర్లు
- వేప పిండి 300 గ్రాములు

ఇక్కడి నర్సరీల్లో కన్నడంలో అడిగితే పని తొందరగా అవుతుంది: ఎర్రమట్టిని కెంపు మణ్ణు అంటారు, వర్మీ కంపోస్ట్‌ను ఎరెహుళు గొబ్బర, వేప పిండిని బేవిన హిండి.

కొబ్బరి పొట్టు 5 కిలోల దిమ్మ నానితే 65 నుంచి 75 లీటర్లు అవుతుంది. మీకు కావాల్సింది 12 లీటర్లు, కిలో చాలు. నానబెట్టి, పిండి, ఆ నీళ్ళు పారబోసి, ఇలా కనీసం రెండుసార్లు చేయండి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, కడగకుండా వాడితే మొలకల కొసలు మాడిపోతాయి. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు ముందే పులియబెట్టి సిద్ధం చేసిన కోకోపీట్‌ను అర్క పేరుతో తయారుచేశారు, అది దొరికితే ఈ కడగడం బాధ తప్పుతుంది.

కుండీ పైన ఒక అంగుళం ఖాళీ వదలండి. నిండా నింపితే నీళ్ళు పోసిన ప్రతిసారీ మట్టి కిందికి జారుతుంది. అడుగు రంధ్రం మీద గులకరాళ్ళు వద్దు, పాత దోమతెర ముక్క ఒకటి వేయండి.

7. ఇప్పుడు మొక్కలు

చాక్‌పీసు గీతల ఫొటో ఫోన్లో పెట్టుకుని లాల్‌బాగ్ వెళ్ళండి. లోపల నర్సరీమెన్ సహకార సంఘం వాళ్ళ అమ్మకం చోటు ఉంది, సిద్ధాపుర వైపు నర్సరీలు వరుసగా ఉన్నాయి. ఆకుకూర విత్తనాలకు హెసరఘట్ట సంస్థవే నాకు నమ్మకం. తోటకూరలో అర్క సుగుణ, పాలకూరలో అర్క అనుపమ, రెండూ మళ్ళీ మళ్ళీ కోసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతారు.

వరుసల లెక్క ఇలా పెట్టండి. పై వరుసలో తక్కువ ఎండకు, ఆరుదలకు ఓర్చుకునేవి: మనీ ప్లాంట్, స్పైడర్ ప్లాంట్, వాము ఆకు. మధ్య రెండు వరుసల్లో కోసుకు తినేవి: మెంతి, కొత్తిమీర, పాలకూర, తోటకూర. అట్టడుగున తేమ కోరుకునేది పుదీనా, గ్రిల్ ముందుండి ఎండ దిగితేనే. పిట్టగోడ నీడ ఉంటే అక్కడ ఫెర్న్ పెట్టండి. గోంగూర, మిర్చి మెష్ మీద వద్దు. వాటి వేళ్ళకు లోతు కావాలి, నేల మీద 10, 12 అంగుళాల కుండీల్లో ఉంచండి.

ఇంట్లో పసిపిల్లలో, పిల్లో కుక్కో ఉంటే మనీ ప్లాంట్ అందని ఎత్తులోనే ఉండాలి. నమిలితే నోరు మండి వాస్తుంది. డిఫెన్‌బాకియా అసలు తేకండి.

పుదీనా, బచ్చలి కొనక్కర్లేదు. కూరల మార్కెట్లో తెచ్చిన కట్టలోంచి ముదురు కాడలు నాలుగు తీసి గ్లాసు నీళ్ళలో పెడితే వారం పది రోజుల్లో వేళ్ళు వస్తాయి. గోంగూర గింజలు ఊరి నుంచి తెచ్చుకోండి, ఇంట్లో తిన్న రుచే ఇక్కడా రావాలంటే అదే దారి.

8. నాటే రోజు వరుస

సాయంత్రం ఎండ తగ్గాక మొదలుపెట్టండి.

1. మిశ్రమాన్ని ముందే తడపండి, పిడికిట పట్టి నొక్కితే రెండు చుక్కలు రాలేంత. పొడి కొబ్బరి పొట్టు కుండీలో వేసి పైనుంచి నీళ్ళు పోస్తే అంచుల వెంట కారిపోతాయి, మధ్యలో పొడిగానే ఉంటుంది.
2. కుండీలను నేల మీదే నింపి, నాటి, నీళ్ళు పోసి, కారడం ఆగాక గోడకెక్కించండి.
3. కింది వరుస నుంచి పైకి తగిలించండి. పైనుంచి మొదలుపెడితే రాలే మట్టంతా కింది మొక్కల మీద.
4. ధనియాలను చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేయండి, ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. 12 గంటలు నానబెట్టి అర అంగుళం లోతులో చల్లండి. 7 నుంచి 12 రోజులకు గానీ మొలవవు, ఐదో రోజున తవ్వి చూడకండి.
5. మెంతులు 3, 4 రోజుల్లో మొలుస్తాయి, నెలలోపు కోతకొస్తాయి. అన్ని కుండీల్లో ఒకేరోజు చల్లకుండా వారానికి రెండు కుండీల చొప్పున చల్లండి. అప్పుడే ఎప్పుడూ కోయడానికి ఏదో ఒకటి ఉంటుంది.
6. నర్సరీ మొక్కలను తెచ్చిన రోజే ఎక్కించకండి. వారం రోజులు బాల్కనీ మూల విడిగా పెట్టి, ఆకుల కింద పిండి నల్లి ఉందేమో చూడండి.

9. తేడా వస్తే ఎక్కడ చూడాలి

పై వరుస రోజూ మధ్యాహ్నం వాలిపోయి సాయంత్రానికి లేస్తుంటే అది గాలి. నీళ్ళు పెంచకుండా కుండీ పైన ఎండుటాకులో కొబ్బరి పీచో పరచండి.

కింది వరుస ఆకులు పసుపెక్కి, మట్టి వాసన పుల్లగా వస్తుంటే వేళ్ళు కుళ్ళుతున్నాయి. కుండీ దించి, మూడు రోజులు నీళ్ళు ఆపి, రంధ్రం మూసుకుపోయిందేమో పుల్లతో గుచ్చి చూడండి. చాలామంది పసుపు ఆకు చూడగానే ఎరువు వేస్తారు, అదే మొక్క పాలిట విషమవుతుంది.

కొత్త ఆకులు చిన్నవైపోయి పాలిపోతే అప్పుడు నిజంగా ఆకలి. కొబ్బరి పొట్టులో పోషకాలు దాదాపు లేవు కాబట్టి నెల తర్వాత తిండి పెట్టడం మొదలవ్వాలి. 15 రోజులకోసారి వర్మీవాష్ (వానపాముల ఎరువు నుంచి తీసే ద్రవం) పది రెట్లు నీళ్ళు కలిపి, లేదా 19:19:19 అని అమ్మే, నీళ్ళలో కరిగే ఎరువు లీటరుకు ఒక గ్రాము. రెండు నెలలకోసారి కుండీకి గుప్పెడు వర్మీ కంపోస్ట్.

కొత్తిమీర ఆకులు సన్నబడి పూతకొస్తే వేడి ఎక్కువైందని. ఆ కుండీ అయిపోయినట్టే, పీకి పాలకూర వేయండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా కొత్తిమీర, మెంతికి మంచి కాలం.

చీడల గురించి ఎక్కువ కంగారు వద్దు. పిండి నల్లి, పేను బంక కనిపిస్తే ముందు నీళ్ళ జల్లుతో కడిగేయండి. తగ్గకపోతే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేప నూనె, కొన్ని చుక్కల లిక్విడ్ సబ్బు బాగా గిలక్కొట్టి సాయంత్రం పూట ఆకుల కింద పడేలా చల్లండి, వారానికోసారి మూడు వారాలు. ఆకుకూరలైతే చల్లాక మూడు నాలుగు రోజులు కోయకండి.

కాలువ, బకెట్, కుండీ కింది పళ్ళెం, వీటిలో నీళ్ళు నిలవనీయకండి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు చాలు, కాబట్టి వారానికి రెండుసార్లు ఖాళీ చేసి రుద్ది కడగండి.

వారానికోసారి పది నిమిషాలు ఇవి చూడండి:

- బోల్టులు, హుక్కులు వదులయ్యాయా
- మెష్ వెనక గోడ మీద చెమ్మ మచ్చ ఉందా
- ఆకుల అడుగున తెల్ల దూది లాంటిది ఉందా
- డ్రిప్పర్లన్నీ కారుతున్నాయా
- కాలువలో మట్టి పేరుకుందా

10. సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు

చాలామంది తోటలు ఈ ఐదారు రోజుల్లోనే పోతాయి, అందుకని దీనికి వేరే హెడ్డింగ్ పెట్టాను.

వెళ్ళే ముందురోజు కోతకొచ్చిన ఆకంతా కోసేయండి. ఆకు తగ్గితే మొక్క తాగే నీళ్ళూ తగ్గుతాయి. సౌత్, వెస్ట్ బాల్కనీల్లో షేడ్ నెట్ దించండి. పై వరుస కుండీలను దించి, నీడలో ఒకదానికొకటి ఆనించి పెట్టి, బాగా తడపండి.

టైమరు ఉంటే కొత్త బ్యాటరీ వేసి, మూడు రోజుల ముందు నుంచే దాని మీద వదిలేసి చూడండి. వెళ్ళే రోజు పొద్దున మొదటిసారి ఆన్ చేసి రైలెక్కకండి. నీళ్ళు రోజంతా రాని బిల్డింగ్ అయితే ట్యాంకు నింపే టైమ్‌కు తగ్గట్టు సెట్ చేసుకోవాలి.

టైమరు లేకపోతే పక్కింటివాళ్ళనో వాచ్‌మన్‌నో అడుగుతాం. వాళ్ళు మొహమాటానికి బకెట్లకు బకెట్లు పోసేస్తారు, పాపం మంచికే. కాబట్టి 200 మిల్లీలీటర్ల గ్లాసు ఒకటి చేతికిచ్చి, పై రెండు వరుసలకు గ్లాసు నిండా, కింది రెండింటికి సగం, రోజు మార్చి రోజు అని ఒకసారి దగ్గరుండి పోయించి చూపించండి. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి మెష్‌కే కట్టండి.

తిరిగొచ్చాక వాడిపోయినవి కనిపిస్తే వెంటనే ఎరువు వేయకండి. కుండీని బకెట్ నీళ్ళలో సగం దాకా ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి తీసి, రెండు రోజులు నీడలో పెట్టి, మూడో రోజు మళ్ళీ గోడకెక్కించండి.